ఎడమ సీటు

షార్జాలో, ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన,
బయట నలభై ఆరు, లోపల పద్దెనిమిది డిగ్రీల మధ్య
ఒక రేసు కారు నిలబడి ఉంది.
దాని మీద అంకె పదకొండు.
తొంభై ఏళ్ల కిందట ఎక్కడో మంచుదేశంలో
కొండదారి పందెంలో రెండోదిగా వచ్చిందట.
'రెండో స్థానం' అని బోర్డు మీద చిన్నక్షరాల్లో,
డ్రైవరు పేరు పెద్దక్షరాల్లో.

నా వీసాలో రాసింది: క్లీనర్.
మొదటిరోజు నవ్వొచ్చింది.
రాయచోటిలోనూ నేను క్లీనర్నే.
కాకపోతే అక్కడ క్లీనరంటే తుడిచేవాడు కాదు.
లారీలో ఎడమ పక్క కూర్చుని
ఓబులప్ప కంటికి అందని సగం రోడ్డును
నా కంటితో చూసిపెట్టేవాణ్ణి.
గువ్వలచెరువు ఘాటులో
కడప బండల లోడుతో బండి వెనక్కి జారితే
ఆగకముందే దూకి
టైరు కింద చెక్క పెట్టేవాణ్ణి.
పైకెక్కాక పాలకోవా. ఆకులో సగం ఆయనకు, సగం నాకు.
జిడ్డు వేళ్లు సీటుకి తుడిస్తే బూతులు తిట్టేవాడు.

ఈ కారుకీ రెండు సీట్లు.
కుడివైపుది డ్రైవరుది, వెడల్పుగా, తోలు పగిలి.
ఎడమవైపుది ఇరుకు, జానెడు వెనక్కి.
దాని ముందు ఇత్తడి పిడితో ఒక చేతిపంపు.
(ఈ దేశంలో ఎడమ సీటు డ్రైవరుది.
ఆరేళ్లయినా టాక్సీ ఆపితే
నేను ముందు ఆ తలుపు దగ్గరికే పోతాను.)

నాదీన్ మేడం బడిపిల్లలకు చెబుతుంటే విన్నాను:
ఇక్కడ మెకానిక్ కూర్చునేవాడు,
పందెమంతా పెట్రోలు ట్యాంకుకి గాలి కొడుతూ,
వెనక ఎవరొస్తున్నారో మెడ తిప్పి చూస్తూ,
వస్తే డ్రైవరు భుజం తడుతూ.
వాడి పేరేంటి, అడిగాడొక పిల్లాడు.
మేడం కాగితాలు తిరగేసింది.
దొరకలేదంది.

క్లీనరు, అన్నాను నేను
గుడ్డ పిండుతూ, తెలుగులో.

ఇత్తడి పిడి మీద బొటనవేలు ఆనేచోట
చింతగింజంత గుంట పడింది.
పాలిష్ పెట్టబోతే మేడం చెయ్యడ్డం పెట్టింది.
అరుగుదల చెరపొద్దు, దస్తగిరీ,
ఈ బండి ధరంతా అందులోనే ఉంది.
రెండేళ్లకోసారి మెడికల్‌లో
నా మోకాళ్లు వంచి చూసే డాక్టరు
ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మొన్న గురువారం
కారును ముందు హాల్లోకి తోశాం.
స్టీరింగు దగ్గర గుల్ జమాన్,
వెనక ఇద్దరు నేపాలీలు,
తీసిన చెక్క చంకలో పెట్టుకుని
ఎడమ చక్రం పక్కన నేను.
నేల వాలుగా ఉందని ఎవరూ చూడలేదు.
నాలుగంగుళాల వాలు, అంతే.
బండికి రోడ్డు గుర్తొచ్చింది.
గుల్ జమాన్ తొక్కిన బ్రేకు తొక్కినట్టే పోయింది.
అద్దాలగోడ దగ్గరికొస్తోంది.
అడక్కుండానే నా గొంతులోంచి
ఘాటురోడ్డు కేక:
హోల్డాన్! హోల్డాన్!
చెక్క చేతిలోకి ఎప్పుడొచ్చిందో
టైరు కిందికి ఎప్పుడుపోయిందో
నాకు తెలీదు, నా నడుముకి తెలుసు.
ఆగింది.
అద్దంలో దాని ముక్కూ, నిజం ముక్కూ
ముద్దుపెట్టుకోబోయి ఆగినట్టు.

రిపోర్టు గుల్ జమాన్ చదివి వినిపించాడు.
వాహనానికి నష్టం లేదు.
ఆపినవారు: క్లీనర్.
పేరు రాసే గడి ఆ ఫారంలో లేదట.
పోనీలే, అన్నాను. చాయ్ తాగాం.

రాత్రి పదికి లైట్లు ఆర్పేముందు
ఎవరూ లేరని చూసుకుని
ఎడమ పక్క రేకు మీద రెండుసార్లు చరిచాను,
లారీని చరిచినట్టే.
రైట్, రైట్.

ఎవరూ గేరు వెయ్యలేదు.
ఏసీ ఒక్కటే గురక పెడుతోంది.

నున్నటి రంగు మీద రెండు అరచేతి మచ్చలు.
వాటిని తుడవడం నా డ్యూటీనే.

ఒకటి తుడిచాను.